బడి మూతబడ్డప్పుడు: జీతం, ఫీజు, చట్టం
(సంఘం వార్షిక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



మేము ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పేవాళ్ళమైనా ఈ నాలుగు మాటలు తెలుగులోనే చెప్పదలచాము. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు గానీ చదవలేరు. సావనీరు ఇంటికి తీసుకుపోతే అమ్మకు, నాన్నకు చదివి వినిపించేది వాళ్ళే గదా!

కరోనా పోయింది, ఇంకా ఆ గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. రోగం పోయింది గానీ అప్పుడు బయటపడ్డ లోటు అట్లాగే ఉన్నది. అందుకని మాట్లాడుతున్నాము.

2008లో విమానాశ్రయం బేగంపేట నుండి శంషాబాదుకు వచ్చిన తర్వాత మన కుటుంబాల బ్రతుకుతెరువు ఎక్కువగా దాని చుట్టే అల్లుకున్నది. క్యాబులు, సామాను మోయడం, సఫాయి, క్యాంటీన్లు, హోటళ్ళు. అందులో చాలామంది కాంట్రాక్టరు కింద పనివాళ్ళు. 2020 మార్చి 25 నుండి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానాలు ఎగరలేదు. విదేశాలకు మామూలు సర్వీసులు 2022 మార్చి 27 దాకా మొదలు కాలేదు. మధ్యలో గల్ఫు నుండి ప్రత్యేక విమానాల్లో దిగినవాళ్ళు కూడా చాలామంది నౌకరీ పోగొట్టుకొని దిగినవాళ్ళే. విమానం ఆగితే క్యాబు ఆగింది, క్యాబు ఆగితే ఫీజు ఆగింది, ఫీజు ఆగితే టీచరు జీతం ఆగింది. ఈ గొలుసులో ఉన్న ముగ్గురూ, అంటే తండ్రి, బడి యజమాని, టీచరు, ఇవాళ ఈ హాల్లో పక్కపక్కనే కూర్చున్నారు. ఎవరినీ నిందించడానికి మేము రాలేదు.

చట్టం ఏమి చేసింది? 2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ, విపత్తు నిర్వహణ చట్టం కింద, మూతబడిన కాలానికి జీతాలు కోత లేకుండా ఇవ్వాలని ఉత్తర్వు వేసింది. పరిశ్రమలు, దుకాణాలు, వాణిజ్య సంస్థలు అని అందులో రాసి ఉన్నది. బడి అనే మాట పేరు పెట్టి రాయలేదు. మే 18 నుండి ఆ ఉత్తర్వే లేకుండా పోయింది. యాభై రోజుల ముచ్చట! జూన్ 12న సుప్రీంకోర్టు యజమానులు, పనివాళ్ళు కూర్చొని మాట్లాడుకొని తేల్చుకోవాలన్నది. యూనియన్ ఉన్నవాడు కూర్చుంటాడు. నలుగురు టీచర్లున్న చిన్న బడిలో ఎవరు ఎవరితో కూర్చోవాలి? పైగా 1988లోనే సుప్రీంకోర్టు, పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచరు ‘వర్క్‌మన్’ కాడని తీర్పు ఇచ్చి ఉన్నది. విద్యాదానం గొప్పది గనుక టీచరు కార్మికుడు కాదట. గౌరవం దక్కింది, లేబరు కోర్టు తలుపు మూసుకున్నది.

తల్లిదండ్రులకు మాత్రం కొంత ఊరట దొరికింది. రాష్ట్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 21న జీవో 46 ఇచ్చి, ఆ సంవత్సరం ఫీజు పెంచరాదు, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలన్నది. 2021 జూన్‌లో అదే నిబంధనను మరో ఏడాది పొడిగించింది. రాజస్థాన్ బడుల కేసులో 2021 మే 3న సుప్రీంకోర్టు, వాడుకోని వసతులకు నూటికి పదిహేను వంతులు తగ్గించాలని, ఫీజు కట్టలేదని పిల్లల్ని క్లాసుకు రానీయకుండా ఉంచరాదని, ఫలితాలు ఆపరాదని చెప్పింది. న్యాయమైన మాటే. కానీ అద్దె బిల్డింగులో బడి నడిపే మన సోదరుడు, ఆ తగ్గిన ఫీజు కూడా చేతికి రాకపోతే, జీతం ఎక్కడినుండి తెస్తాడు? దీనికి ఏ జీవోలోనూ మాకు జవాబు కనపడలేదు.

చాలామంది టీచర్లు ఆ రోజుల్లో కూరగాయలు అమ్మారు, కూలికి పోయారు. సంఘాలు రేషన్ కిట్లు పంచితే తీసుకోవడానికి రాలేదు. టీచరు చేయి చాచడు, మీకు తెలుసు. 2021 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు గారు ప్రయివేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించారు. గుర్తింపు ఉన్న బడి కావాలి, రికార్డులో పేరు ఉండాలి, బ్యాంకు ఖాతా ఉండాలి. చేతికి నోట్లు తీసుకొని పనిచేసిన టీచరమ్మకు, పదేండ్లు పాఠాలు చెప్పినా, తాను టీచరునని చూపడానికి ఒక్క కాగితం లేదు. బియ్యం కంటే అది ఎక్కువ బాధ.

నిజానికి హక్కులు బొత్తిగా లేవని కాదు. 1982 నాటి విద్యా చట్టం ప్రకారం విచారణ లేకుండా ప్రయివేటు బడి ఉద్యోగిని తీసివేయరాదు. 1994 జనవరి 1 నాటి జీవో 1 ప్రకారం వచ్చిన ఫీజులో సగం జీతాలకే పోవాలి. గ్రాట్యుటీ టీచర్లకు కూడా చెల్లుతుందని 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ పాత గ్రాట్యుటీ చట్టం 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. ఏప్రిల్‌లో తీసేసి జూన్‌లో మళ్ళీ పెట్టుకునే అలవాటు కొన్ని బడుల్లో ఉన్నది. అపాయింట్‌మెంట్ కాగితం, హాజరు రిజిస్టరు నకలు ఉన్నవాళ్ళే దాన్ని ప్రశ్నించగలరు.

టీసీ సంగతి కూడా చెప్పాలి. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపడం అప్పుడు మస్తుగా జరిగింది. 2009 విద్యాహక్కు చట్టం ఐదవ సెక్షను ప్రకారం ఎనిమిదో తరగతి దాకా సర్కారు, ఎయిడెడ్ బడికి మారే పిల్లవాడికి టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైనా కొత్త బడి చేర్చుకోకుండా ఉండరాదు. అయితే 2014 తీర్పు వల్ల ఈ చట్టం మైనారిటీ బడులకు వర్తించదు. ఆ తీర్పును మళ్ళీ పరిశీలించాలని 2025లో ఒక ధర్మాసనం అన్నది, అది వేరే సంగతి. మన బడుల యజమానులు ఈ మినహాయింపును పిల్లవాడి మీద వాడవద్దని మా మనవి. బాకీ తండ్రిది, చదువు బిడ్డది.

సంఘం కమిటీకి మేము అడిగేది ఒకటే. మన సభ్యులు నడిపే ప్రతి బడిలో ప్రతి టీచరుకు, ఆయాకు కూడా, సంతకం చేసిన అపాయింట్‌మెంట్ కాగితం, బ్యాంకు ద్వారా జీతం ఈ విద్యా సంవత్సరంలోనే మొదలు కావాలి. కాగితం నమూనా తెలుగులో, ఉర్దూలో తయారుచేసి ఇక్కడ బల్లమీద పెట్టాము. భోజనాలకు లేచేముందు యజమానులు ఒక్కొక్క ప్రతి తీసుకుపోండి. అర్థం కాని చోటు ఉంటే మమ్మల్ని ఇప్పుడే అడగండి.