ఆగిన రైలు రాయితీ అడుగుదాం, ఉన్నది వాడుకుందాం
(ధర్మపురి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



2017లో పెద్దపల్లి–నిజామాబాద్ లైను పూర్తయింది. మన లింగంపేట, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా రైలు నడిచింది. మూడేండ్లకే, 2020 మార్చిలో, కరోనా పేరు చెప్పి రాయితీలు ఆపారు. 60 ఏండ్ల మగవాళ్లకు 40 శాతం, 58 ఏండ్ల ఆడవాళ్లకు 50 శాతం తగ్గేది. జాతీయ సంస్థల్లో సాగు, పాడి శిక్షణకు పోయే రైతుకు సగం చార్జీయే ఉండేది. కరోనా పోయింది, అవి మాత్రం తిరిగి రాలేదు.

ఉన్నవాటినైనా వదలొద్దు. క్యాన్సర్ రోగి చికిత్సకు పోతే స్లీపర్, థర్డ్ ఏసీల్లో చార్జీ లేదు; తోడు పోయేవాళ్లకు 75 శాతం తగ్గింపు. ఆస్పత్రిలో రైల్వే నమూనా సర్టిఫికెట్ రాయించుకొని స్టేషన్ కౌంటర్‌లో చూపాలి. విద్యార్థులకు, కొన్ని రకాల దివ్యాంగులకూ రాయితీ ఉంది.

అప్పు చేసి వైద్యానికి పోయే మనిషి, తెలియక పూర్తి చార్జీ కట్టొద్దు. ఈ ముచ్చట ఊరూరా చెప్పండి. ఆగిన రాయితీల కోసం కలిసి అడుగుదాం.