స్కాన్ చేసిన పైసలు ఎందుకు గుర్తుండవు?

ఈరోజు ముచ్చట నా ఫోన్ నుంచే మొదలుపెడదాం.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నప్పటి సంగతి. ఆగస్టులో మంచిర్యాల నుంచి బాపు ఫోన్ చేసిండు. "పత్తిల కలుపు తీసే కూలోళ్లకు ఎనిమిది వేలు కావాలె బిడ్డా, పంపుతవా?" అకౌంట్ చూస్తే 3,100 ఉన్నయ్. తారీఖు ఇంకా 22. "జీతం వచ్చింది కదరా, ఏం కొన్నవ్?" అన్నడు. తిట్టలేదు, నిజంగనే అడిగిండు. నా దగ్గర జవాబు లేదు. హిస్టరీ తీస్తే 140 పేమెంట్లు. ఛాయ్, ఆటో, బిర్యానీ, రీఛార్జ్. ఒక్కటీ పెద్దది కాదు. ఆ ఎనిమిది వేలు రూమ్మేట్ దగ్గర అప్పు తీసుకొని పంపిన.

బాపుకు ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటది. 266 రూపాయల యూరియా బస్తా కూడా అందులో ఎక్కుతది.

దిలీప్ సోమన్ అనే ప్రొఫెసర్ 2001లో దీని మీదనే ఒక పేపర్ రాసిండు. చెక్కు మీద అంకె చేతితో రాసేటోళ్లకు పాత ఖర్చు గుర్తుంటది, అందుకే తర్వాత కొనేకాడ చెయ్యి ఆగుతది. కార్డు గీకేటోళ్లకు ఆ గుర్తు పల్చబడతది. యూపీఐ వచ్చింది 2016ల. ఇందులో అంకె మనమే కొడతం, పైసలూ అప్పుడే పోతయ్. మరి ఎందుకు మర్చిపోతున్నం? నా అంచనా ఏందంటే, రోజుకు అయిదారు సార్లు కొడితే ఏ అంకె అని మిగులుతది?

అట్లని గుర్తుంటే అంతా మంచిదే అని కూడా అనలేను. బాపు నోట్‌బుక్‌లనే రెండు బోర్ల లెక్క ఉంది. మొదటిది ఫెయిల్. "గంత పెట్టినం, ఇప్పుడు ఆపితే ఎట్ల" అని రెండోది ఏయించిండు. దాంట్ల కూడా దుమ్మే లేచింది. మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ఇసొంటి కథ లేని ఊరు ఉందా? 2017ల ఎకనామిక్స్ నోబెల్ వచ్చిన రిచర్డ్ థేలర్ ఈ సంక్ కాస్ట్ గురించి చాలా రాసిండు. మొదటి బొక్కల పోయిన పైసలు రావు. రెండోది ఏసే ముందు చూడాల్సింది ఆడ నీళ్లున్నయా అని మాత్రమే. ఇదే బాపుకు చెప్పిన.

"మరి నువ్వు ఆ పగిలిన ఫోన్‌కు రెండుసార్లు డిస్‌ప్లే ఏయించలేదా?" అన్నడు.

ఏయించిన.

ఇప్పుడు నేను కూడా జేబుల చిన్న బుక్కు పెట్టుకున్న. స్కాన్ చేసినంక ఛాయ్ బండి కాడనే రాసుకుంటున్న. బండి అన్న చూసి, "ఏంది తమ్మీ, నాకేమన్న బాకీ ఉన్నవా?" అంటుండు.