పొద్దుటి పనికి చద్దిమూట



"పెద్దల మాట చద్దిమూట" అను సామెత వినని తెలుగువారుండరు. సామెతను మనము నేటికిని వాడుచున్నాము గాని, అందులోని మూటను మాత్రము చాలమంది విడిచిపెట్టినారు. తెల్లవారుజామున పొలమునకో, బండి ప్రయాణమునకో, పశువుల వెంట బీడునకో బయలుదేరు మనిషి, ఆకలివేసినప్పుడు విప్పుకొని తినుటకు వెంట తీసికొనిపోవు ఆహారమే చద్దిమూట. రాత్రి వండినది గనుక ఉదయమునకు చల్లబడి యుండును. చలిది, చల్ది, చద్ది అను రూపములు అందుండి వచ్చినవే. పోతనగారి భాగవతమున బాలకృష్ణుడు గోపబాలురతో కూడి చల్దులారగించిన ఘట్టము మనకందరకు తెలిసినదే.

తీరిక లేని ఉదయమున, తక్కువ ఖర్చుతో, పొయ్యి వెలిగింపకుండ, చేత పట్టుకొని పోదగిన ఆహారమేది? ఈ ప్రశ్న నేడు పట్టణములలోని ఉద్యోగులకు ఎంత ముఖ్యమో, పల్లెలలోని కూలివారికి అంతకన్న ముఖ్యము. మన పూర్వులు దీనికి ఒక సమాధానము చెప్పియే యున్నారు. దానిని నేటి అవసరములకు తగినట్లు విప్పి చూపవలెనని ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

మాట గాలిలో తేలిపోకుండ, ఒక ఊరిని ఎదుట ఉంచుకొందము. మాచవరము పలనాడు జిల్లాలో ఒక మండల కేంద్రము. 2022 ఏప్రిల్ 4వ తేదీన పలనాడు జిల్లా ఏర్పడు వరకు ఇది గుంటూరు జిల్లాలో భాగముగా ఉండినది. ప్రత్తి, మిరప ఈ ప్రాంతపు ముఖ్యమైన పైరులు. చలికాలమున ప్రత్తితీతలు, ఆ వెనుక ఎండలు ముదురువరకు మిరపకోతలు. ఈ రెండు పనులలోను స్త్రీల చేతులే ఎక్కువ. పొద్దు పొడవకముందే ఆటోలు ఊరి నడుమకు వచ్చి ఆగును. ముఠాలో ఒక్కరు ఆలస్యమైనను తక్కినవారందరకు ఆలస్యమే. పిడుగురాళ్లలోని సున్నపు బట్టీలకు, దుకాణములకు, కచేరీలకు పోవువారిది బస్సు తొందర. పిల్లలది బడి తొందర.

ఆ ప్రాంతమున మిరపకోతకు పోవు స్త్రీలను, ఉదయము ఏమి తిని వచ్చితిరని మేమడిగితిమి. "ఏం తింటామయ్యా? పిల్లలకీ, మా ఆయనకీ క్యారేజీలు సర్దేసరికి ఆటో వచ్చి హారను కొట్టుద్ది. టీ నీళ్లు తాగి ఎక్కుతాం" అని ఒకామె నవ్వుచు చెప్పినది. "పదకొండింటికి అన్నం తింటాంగా, అదే మాకు టిఫినూ, భోజనమూను" అని ప్రక్కనున్న పెద్దామె అందుకొన్నది.

ఈ మాటలలో ఒక లెక్క ఉన్నది. రాత్రి ఎనిమిది గంటలకు భోజనము. మరల అన్నము ముట్టునది మరునాడు పదునొకండు గంటలకు. నడుమ పదునైదు గంటలు. అందులో సగముసేపు ఇంటిచాకిరి, ఎండలో వంగి కాయకోయుట. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల వరకు గల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉన్నది. దీనికి ఉదయపు ఉపవాస మొక్కటే కారణమని మేము చెప్పబోము, కారణములు అనేకములు. కాని రక్తము తక్కువగా ఉన్న శరీరము పదునైదు గంటలు తిండి లేక ఎండలో శ్రమించుట మంచిది కాదని చెప్పుటకు వైద్యుడు రానక్కరలేదు. మిరపచేలో కన్నులు బైర్లు కమ్మి కూలబడిన ఆమెకు ఆనాటి కూలియు పోవును.

పూర్వము ఇట్లుండెనా? పలనాడు మెట్టసీమ. జొన్న, సజ్జ ఇక్కడి తిండిగింజలు. పదునైదవ శతాబ్దపు శ్రీనాథ మహాకవి ఈ సీమకు వచ్చి, ఎవరింట చూచినను జొన్నకూడే గాని సన్నన్నము కానరాదని నొచ్చుకొన్నట్లు ఆయన పేర చాటువులు ప్రచారమున ఉన్నవి. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలబడినది. కుడికాలువ నీరు పారినచోట వరి వచ్చినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. అన్నము ప్రతి యింటికి అందినందుకు సంతోషింపవలసినదే. కాని జొన్నసంకటి, అంబలి కుండ వెనుకకు పోయి, ఉదయము చద్దిస్థానమున టీగ్లాసు, రెండు బిస్కట్లు వచ్చి కూర్చున్నవి. మహాకవి మెచ్చని ఆ ధాన్యములకే, భారతదేశ ప్రతిపాదనపై, ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించుట గమనింపదగినది.

ఇక అసలు విషయమునకు వత్తుము. ఉదయపు ఫలహారమునకు తీరిక లేదని మనమందుము. తీరిక లేనిది ఉదయమునకు. రాత్రికి అంత తొందర లేదు. ఉదయమున వండవలెనని చూచుటచేతనే ఈ చిక్కు వచ్చుచున్నది. రాత్రి వంట ముగిసిన పిమ్మట పది నిమిషములు కేటాయించినచో, మరునాటి ఫలహారము మనము నిద్రించుచుండగా తనంతట తాను సిద్ధమగును. ఇది మన ఒక్కరి తెలివి కాదు. ఒడిషావారు నీటిలో నానిన అన్నమును పఖాళమని ప్రీతితో తిందురు. మార్చి 20వ తేదీని పఖాళ దినముగా జరుపుకొందురు. వంగదేశమున దానినే పాంతాభాత్ అందురు. స్విట్జర్లాండులో బిర్చర్ బెన్నర్ అను వైద్యుడు, 1900 ప్రాంతమున, ఓట్సు గింజలను రాత్రి నీటిలో నానవేయించి, ఉదయము ఆపిలు తురుము, నిమ్మరసము, పప్పుగింజలు కలిపి తన రోగులకు పెట్టెను. నేడు లోకమంతట డబ్బాలలో అమ్మకమగు మ్యూస్లీకి మూలమదియే. అదియు ఒక విధమైన చద్దియే గదా!

మొదట చద్దన్నము సంగతి. రాత్రి వంటలో మనిషికొక గుప్పెడు బియ్యము అదనముగ వేయవలెను. వండిన అన్నము చల్లారిన వెంటనే, కాచి చల్లార్చిన నీరు అన్నము మునుగునట్లు పోసి, రెండు చెంచాల మజ్జిగ కలిపి, మట్టికుండలోగాని స్టీలుగిన్నెలోగాని మూతపెట్టవలెను. అల్యూమినియము పాత్ర పులుపునకు పనికిరాదు. వెంట తీసికొని పోవలెనన్నచో నీటికి మారుగ గోరువెచ్చని పాలుపోసి, కాస్త పెరుగు తోడువేసినచో ఉదయమునకు అన్నమంతయు గట్టిగా తోడుకొని యుండును. డబ్బాలో పెట్టిన ఒలకదు. ఉల్లిపాయ ముక్క, నిమ్మకాయ ఊరగాయ తోడైన చాలును. పులియుటలో పనిచేయునవి పాలను తోడుపెట్టు జాతికి చెందిన సూక్ష్మజీవులే. ధాన్యములలో ఇనుమును మన శరీరమునకు అందకుండ పట్టియుంచు ఫైటిక్ ఆమ్లము అను పదార్థము పులియుటచే కొంత తగ్గును.

రెండవది రాగి అంబలి. మనిషికి నాలుగు పెద్ద చెంచాల రాగిపిండి, అనగా సుమారు 40 గ్రాములు, సాయంకాలమే గ్లాసెడు నీటిలో ఉండకట్టకుండ కలిపి ఉంచవలెను. రాత్రి వంట దించిన పిమ్మట అదే పొయ్యిపై ఇంకొక గ్లాసు నీరు మరిగించి, ఆ పిండినీరు పోసి, పది నిమిషములు కలుపుచు ఉడికించవలెను. ఉదయము మజ్జిగ, ఉప్పు కలిపి సీసాలో పోసికొన్నచో ఆటోలో కూర్చుండియే త్రాగవచ్చును. రాగులలో నూరు గ్రాములకు 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము ఉన్నది. ఈ 40 గ్రాముల పిండిలోని కాల్షియము, నూరు మిల్లీలీటర్ల పాలలోని దానికి తీసిపోదు.

మూడవది, పొయ్యితో పనియే లేనిది: వేయించిన వేరుశనగపప్పులు, పుట్నాలు, చిన్న బెల్లపు ముక్క. ఆదివారమునాడు ఒకమారు వేయించి డబ్బాలో పోసి ఉంచినచో వారమంతయు గుప్పెడు చొప్పున కొంగున కట్టుకొని పోవచ్చును. 30 గ్రాముల వేరుశనగపప్పులో ఏడు గ్రాములకు పైగా మాంసకృత్తులుండును. ఇది ఒక కోడిగ్రుడ్డులోని దానికన్న ఎక్కువ. కిలో పప్పు ఒక మనిషికి, ఈ లెక్కన, ముప్పదిమూడు ఉదయములకు వచ్చును. ఇంతకన్న చవుకైన ఫలహారము హోటలులో దొరకదు. అయితే బూజుపట్టినవి, ముడుచుకొనిపోయినవి ఏరి పారవేయవలెను. ఆ బూజులోని విషము కాలేయమునకు హానికరము.

నాలుగవది పేలపిండి. తొలి ఏకాదశినాడు జొన్నపేలాలు విసరి, బెల్లము కలిపి తినుట మన ఆచారము. ఏడాదికొకనాడు చేయుదానిని నెలకు రెండుమార్లు చేసికొన్నచో తప్పేమి? పొడిడబ్బాలో పదిదినములు నిలువయుండును. చెంచాడు నెయ్యిగాని, కొంచెము పాలుగాని చిలకరించి ఉండచుట్టి బిడ్డ చేతిలో పెట్టినచో బడికి పోవుచు తినివేయును.

అయిదవది గుగ్గిళ్లు. అలసందలుగాని, శనగలుగాని, పెసలుగాని రాత్రి నానవేసి, ఉదయము టీకి ముందు కుక్కరులో పెట్టినచో, జడవేసికొనునంతలో ఉడుకును. ఉప్పుచల్లి, నిమ్మకాయ పిండవలెను. నిమ్మరసములోని సి విటమిను, గింజలలోని ఇనుమును శరీరము గ్రహించుటకు తోడ్పడును. టీ దీనికి సరిగా వ్యతిరేకముగ పనిచేయును. కావున తిండితోపాటు టీ త్రాగక, గంటసేపు ఎడముంచుట మేలు. టీ మానుమని మేము చెప్పుటలేదు. టీయే ఫలహారమని అనుకొనవద్దని మాత్రమే మా మనవి.

అటుకులను మజ్జిగలో అయిదు నిమిషములు నానవేసినను సరిపోవును. ఆదివారమునాడు చింతపండు పులుసు కాచి పోపుపెట్టి నిలువచేసినచో, రాత్రి అన్నము నిమిషములో పులిహోర అగును. ఉడికిన గ్రుడ్డు, అరటిపండు దొరికిననాడు ఏ యోచనయు అక్కరలేదు.

కొన్ని జాగ్రత్తలు కూడ చెప్పవలెను. చద్ది అనగా పాచిపోయినది కాదు. అన్నము జిగటగా సాగినను, దుర్వాసన వచ్చినను నిస్సంకోచముగ పారవేయవలెను. ఎండాకాలమున చద్దిని ఉదయమే తినవలెను గాని మధ్యాహ్నమునకు దాచరాదు. మధుమేహమున్నవారు బెల్లమును విడిచి, అన్నమును తగ్గించి, గుగ్గిళ్లను, వేరుశనగలను ఆశ్రయించుట మంచిది. కొందరు పిల్లలకు వేరుశనగ సరిపడదు. అట్టివారికి పుట్నాలు చాలును.

ప్రభుత్వములును ఉదయపు ఆకలిని గుర్తించినవి. తమిళనాడులో 2022 సెప్టెంబరులో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఉదయపు ఫలహారము ప్రారంభమైనది. మన రాష్ట్రమున 2023 మార్చిలో బడిపిల్లలకు రాగిజావ ప్రవేశపెట్టబడినది. 2018లో వెలసి, 2019లో మూతపడిన అన్న క్యాంటీనులు 2024 ఆగస్టు 15 నుండి మరల తెరువబడి, పట్టణములలో అయిదు రూపాయలకు ఫలహారము పెట్టినవి. ఇవన్నియు మెచ్చదగినవే. కాని ఆటో తెల్లవారకముందే మాచవరము దాటి చేనివైపు మళ్లు స్త్రీకి దారిలో బడియు లేదు, క్యాంటీనును లేదు. ఆమెకు ఉన్నది తన వంటయిల్లే.

అందుచేత ఇంటిలోని పురుషులకు, ఎదిగిన బిడ్డలకు ఒక మాట. పై వానిలో ఏ ఒక్కటియు చేతకాని పని కాదు. అన్నములో నీరుపోయుట, గింజలు నానవేయుట, డబ్బాలో పప్పులు నింపుట పదేండ్ల పిల్లవానికి కూడ వచ్చును. రాత్రి అమ్మ అంట్లు తోముచుండగా ఈ పని ఇంకొకరు అందుకొన్నచో, ఉదయము ఆమెకు తినుటకు అయిదు నిమిషములు మిగులును. క్యారేజీలు సర్దునప్పుడు నలుగురికి నాలుగు గిన్నెలు వరుసగ పెట్టుదురు గదా; ఆ వరుసలో అయిదవ గిన్నె ఒకటి ఉండవలెను. అది సర్దుచున్న ఆమెది. మొదట నింపవలసినది కూడ దానినే. ఏలయన, చివరకు విడిచినది ఆటో హారనుతో ఖాళీగా మిగిలిపోవుచున్నది.

ఈ ప్రసంగము విన్న పిమ్మట మీ ఇంట కొత్తగా కొనవలసినదేమియు లేదు. బియ్యపు డబ్బాలో బియ్యమున్నవి, ఉట్టిమీదనో ఫ్రిజ్జులోనో మజ్జిగ ఉన్నది. ఈ రాత్రి ఒక గుప్పెడు ఎక్కువ వండి చూడుడు. మీ ఇంట, మీ ఊర పూర్వము పొలమునకు కట్టుకొనిపోయిన చద్దిలో ఇంకేమేమి ఉండెడివో మీ పెద్దలనడిగి మాకు జాబు వ్రాసినచో, మరియొక ప్రసంగమున తక్కిన శ్రోతలకు తెలుపగలము.