యంత్రము మేల్కొనునపుడు

సభ్యులారా, మీట నొక్కినంతనే విండోస్ మేల్కొనదు. తొలుత లేచునది మదర్‌బోర్డు చిప్పునందలి ఫర్మ్‌వేర్. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.లో అది బయాస్, నేడు యు.ఇ.ఎఫ్.ఐ. అది మెమరీని పరీక్షించి, ఏ డిస్కును ముందుగా పిలువవలెనో తన వరుసలో చూచును. మొదటిది పలుకనిచో రెండవదానిని అడుగును. సెక్షన్లలోని లింక్ ఆఫీసరు ఏర్పాటు వంటిదే!

బయాస్ డిస్కు మొదటి సెక్టారులోని 512 బైట్లను చదివి దానికి అధికారమప్పగించును. యు.ఇ.ఎఫ్.ఐ. ప్రత్యేక విభాగమున బూట్ ఫైలును పేరుతో వెదకును. కావున పాత పద్ధతి డిస్కును కొత్త పద్ధతిలో లేపబోయినచో, అది ఆరోగ్యముగనే ఉండియు లేవదు.

నార్త్ బ్లాకునుండి కర్తవ్య భవనునకైనను, క్వార్టరునుండి క్వార్టరునకైనను తరలునపుడు యంత్రము వారములకొలది ప్లగ్గు లేక పడియుండును. అప్పుడు పాత యంత్రములలో ఆ వరుసను కాపాడునది రూపాయి బిళ్లంత సి.ఆర్. 2032 బ్యాటరీ, 3 వోల్టులది. అది నీరసించినచో గడియారము వెనుకకు పోవును, అమరికలు తొలిరూపునకు మరలును, బూట్ డిస్కు లేదని తెరపై పడును. వెంటనే ఫార్మాట్ చేయించువారు కలరు! చెక్కుచెదరక యున్న పిల్లల ఫోటోలు, సర్టిఫికెట్లు దానితో పోవును.

ముందుగా తేదీని చూడవలెను. తప్పియున్నచో బ్యాటరీ మార్చి, సెటప్ తెరచి, డిస్కు పేరు కనబడినచో దానిని వరుసలో మొదట నిలిపి, బూట్ పద్ధతిని మునుపటివలె ఉంచవలెను. పేరే కనబడనిచో కేబులు చూడవలెను.