అటక మీది తాటాకుల కట్ట



నేను లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పండితుణ్ణి కాను. నా వల్ల జరిగిన ఒక పొరపాటు మీకు చెప్పాలని నిలబడ్డాను.

మా పూర్వులు తంజావూరు ప్రాంతానికి వచ్చి ఎన్ని తరాలైందో మాకే తెలియదు. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. మా పాత ఇంటి అటక మీద ఒక తాటాకుల కట్ట ఉండేది. ఇల్లు విప్పి కట్టేటప్పుడు, చదవడం ఎవరికీ రాక, పారేయడానికి మనసొప్పక, నేనే దాన్ని కావేరిలో కలిపి వచ్చాను. పుణ్యమే చేశాననుకున్నాను. తరువాత మా మేనత్త, "అది సంస్కృతంరా, రాసింది మాత్రం తెలుగు అక్షరాల్లోనే" అన్నది. ఏ గ్రంథమో ఇక తెలిసే దారి లేదు.

అదే తంజావూరు జిల్లా నుంచి 1905లో ఒక పండితుడు తన తాటాకు ప్రతిని మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి అప్పగించారు. గ్రంథలిపిలో ఉన్న దాన్ని ఆర్. శామశాస్త్రి గారు చదివి చూస్తే, అది కౌటిల్యుని అర్థశాస్త్రం! అంతవరకు ఇతర గ్రంథాల్లోని ప్రస్తావనల వల్లనే దాని సంగతి లోకానికి తెలుసు. ఆయన 1909లో మూలాన్ని అచ్చువేయించి, 1915లో ఇంగ్లీషు అనువాదం తెచ్చారు. ఇవాళ సివిల్స్‌కు చదివే పిల్లలు కూడా దాన్ని చదువుతున్నారు. ఆయన ఇచ్చింది గ్రంథాలయానికి, నేను ఇచ్చింది ఏటికి. తేడా అంతే.

దాచడంతోనే పని తీరదు. అర్థమయ్యే భాషలోకి రావాలి. పుల్లెల శ్రీరామచంద్రుడు గారు వాల్మీకి రామాయణానికి ప్రతిపదార్థంతో తెలుగు చేసిపెట్టారు. కానీ తెలుగు చదవడం రాని మన పిల్లలకు అది కూడా అటక మీది కట్టే కదా!

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో పాత కట్టలుంటే నీళ్లలో కలపకండి. తంజావూరు సరస్వతీ మహలులోనో, చెన్నై, మైసూరు ప్రాచ్య గ్రంథాలయాల్లోనో చూపించండి. కేంద్ర ప్రభుత్వం కూడా వ్రాతప్రతుల సర్వే కోసం 2025లో జ్ఞానభారతం పథకాన్ని ప్రకటించింది.

పిల్లలూ! మీరు ఇంజనీర్లు కండి, డాక్టర్లు కండి. రోజుకు అరగంట తెలుగు అక్షరాలకు ఇవ్వండి. మీ ఇంటి అటక మీద ఏముందో చదివి చెప్పగల మనిషి ఇంటికొకరుంటే చాలు.