కొడవలీ కావాలి, చేటా కావాలి: దృశ్యపాఠాలకు ఏ సాఫ్ట్‌వేర్?

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై ఐదేళ్లు నిండిన పాఠశాలకు భవనాలు, పుస్తకాలు మిగులుతాయి. మిగలనిది ఒక్కటే, బోధించిన గొంతు. తెలుగు రాష్ట్రాల వెలుపల ఇది చిన్న నష్టం కాదు. తమిళనాడులో 2006 నాటి చట్టం పదవ తరగతి వరకు తమిళ బోధనను దశలవారీగా తప్పనిసరి చేసింది. అటువంటి పరిస్థితులలో బీజగణితాన్నీ, కిరణజన్య సంయోగక్రియనూ తెలుగులో చెప్పగల ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తే, ఆయన స్థానంలో మరొకరు దొరకడం కష్టం. కనుక ఆ పాఠాలను దృశ్యరూపంలో భద్రపరచాలన్న కోరిక సహజం. వెంటనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సమకూర్చుకోవాలా, లేక తెరను రికార్డు చేసి ప్రసారం చేసే సాఫ్ట్‌వేరా?

ఈ రెండూ ఒకే పనికి పోటీపడే పనిముట్లు కావు. కోతకు కొడవలి, తూర్పార పట్టడానికి చేట. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ జరుగుతున్నదానిని జరుగుతున్నప్పుడే పట్టుకుంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అప్పటికే పట్టినదానిలో తాలును విడదీసి, గింజను వరుసలో పెడుతుంది. చేట ఎంత గొప్పదైనా కోయని పైరును తూర్పార పట్టలేదు.

మొదటి కోవలో ఓబీఎస్ స్టూడియో ప్రసిద్ధం. 2012లో వెలువడిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. కంప్యూటర్ తెర, కెమెరా, మైకు వంటి ఆధారాలను 'సీన్లు'గా అమర్చుకుంటే, తెరమీద లెక్క, మూలన ఉపాధ్యాయుని ముఖం ఒకేసారి నమోదవుతాయి. సెకనుకు 4,000 కిలోబిట్ల చొప్పున గంట పాఠం సుమారు 1.8 గిగాబైట్ల స్థలం తీసుకుంటుంది. కరెంటు పోయే ఊళ్లలో ఒక జాగ్రత్త అవసరం. సాధారణ ఎంపీ4 రూపంలో రికార్డు చేస్తుండగా యంత్రం ఆగిపోతే ఆ ఫైలు తెరుచుకోకపోవచ్చు. ఎంకేవీ రూపంలో అయితే ఆగినంతవరకు దక్కుతుంది. తరువాత అదే సాఫ్ట్‌వేర్‌లో 'రీమక్స్' ద్వారా ఎంపీ4గా మార్చుకోవచ్చు.

ఇదే సాఫ్ట్‌వేర్ యూట్యూబ్ వంటి వేదికలకు ప్రత్యక్ష ప్రసారం కూడా చేస్తుంది. దూరదేశాలలోని పూర్వ విద్యార్థులు వార్షికోత్సవాన్ని చూడటానికి అది మేలు. కాని ప్రసారానికి నిలకడైన ఇంటర్నెట్ కావాలి, రికార్డింగుకు అక్కరలేదు. పైగా ప్రసారమైన తప్పును వెనక్కి తీసుకోలేరు. పిల్లల ముఖాలు కనిపించే కార్యక్రమాన్ని తల్లిదండ్రుల అనుమతి లేనిదే ప్రసారం చేయరాదు.

రెండవ కోవలో కెడెన్‌లైవ్, షాట్‌కట్ ఉచితం. డావిన్చి రిజాల్వ్‌కు ఉచిత సంచిక ఉన్నా, అది శక్తిమంతమైన యంత్రాన్ని కోరుతుంది. అడోబీ ప్రీమియర్‌కు చందా కడుతూనే ఉండాలి. దాతల సొమ్ము ఒక్కసారి వస్తుంది. చందా ఏటేటా వస్తుంది. పాత కంప్యూటర్ మీద పనిచేసేవారు 'ప్రాక్సీ' అనే తేలికపాటి నకళ్లతో కూర్పు చేసి, చివరకు అసలు ఫైళ్లతోనే తుది ప్రతి తీయవచ్చు. శీర్షికలను యూనికోడ్ తెలుగులో వ్రాయడం మేలు. పాత డీటీపీ ఫాంట్లతో కూర్చిన అక్షరాలు ఆ ఫాంట్ లేనిచోట అర్థంకాని గుర్తులుగా మారిపోతాయి.

ఇక్కడ మరవరాని సంగతి మరొకటి ఉంది. ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైలులో సాధారణంగా దృశ్యాలుండవు. ఏ ముక్క ఎక్కడ నుండి తీసుకోవాలన్న ఆదేశాలు మాత్రమే ఉంటాయి. అసలు ఫైళ్లను తొలగిస్తే ఆ ప్రాజెక్టు ఉత్త చిరునామాల పుస్తకం. ఎందరో అలవాటుపడిన విండోస్ మూవీ మేకర్‌ను మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో నిలిపివేసింది. సాఫ్ట్‌వేర్ పోయినా పాఠం నిలవాలంటే, అసలు రికార్డింగునూ తుది ప్రతినీ కనీసం రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి.

కాబట్టి వరుస స్పష్టం. ముందుగా రికార్డింగ్, పిమ్మట ఎడిటింగ్, అవసరమైనప్పుడే ప్రసారం. కూర్పు వచ్చే ఏడాది చేసుకోవచ్చు. ఈ ఏడాది పదవీ విరమణ చేసే ఉపాధ్యాయుని పాఠం వచ్చే ఏడాది దొరకదు. దగ్గు, తడబాటు, మధ్యలో మోగిన గంట ఉన్నా సరే, నమోదైన పాఠం నమోదు కాని పాఠం కంటే మేలు.

పూర్వ విద్యార్థులు ఒక మంచి మైకు ఇప్పించవచ్చు. చిత్రం మసకైనా పాఠం అర్థమవుతుంది. మాట వినబడకపోతే పాఠమే లేదు. పై తరగతుల పిల్లలకు కూర్పు నేర్పవచ్చు. పాఠాన్ని పదిసార్లు విని కత్తిరించే పిల్లవానికి ఆ పాఠం కంఠస్థమవుతుంది. శతజయంతి నాటి పిల్లలకు ఈనాటి తెలుగు గొంతులు వినిపించే బాధ్యత ఈ సభలోని అందరిదీ.

స్వస్తి.