నాయకుడు ప్రతినాయకుడయ్యే మెట్లు

(ప్లాటినం జూబ్లీ ఉత్సవాల సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల పత్రికలకు విద్యార్థులు వ్రాసి ఇచ్చే కథలలో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. "ఆ రోజు నుండి అతడు చెడ్డవాడైపోయాడు" అన్నది ఆ వాక్యం. మొదటి పుటలో ఆ యువకుడు ముసలమ్మను చేయి పట్టుకొని వాగు దాటించినవాడు. మూడవ పుటలో పొరుగువాని కళ్ళంలో ధాన్యం కుప్పకు నిప్పు పెట్టినవాడు. ఈ రెండింటి నడుమ ఉన్నది ఆ ఒక్క వాక్యమే. పాఠకుడు అక్కడికి వచ్చేసరికి ఆగిపోతాడు. నిన్నటి మంచివాడు, నేటి దుర్మార్గుడు ఒక్కడేనంటే అతని మనస్సు అంగీకరించదు. ఒకే పేరుతో ఇద్దరు మనుషులు కథలోకి వచ్చారని అనుకుంటాడు.

నాయకుడు ప్రతినాయకుడుగా మారే కథను నమ్మదగినట్లు వ్రాయడం ఎలాగన్నదే ఈ ప్రసంగ విషయం. ఇది కథకులకు మాత్రమే సంబంధించిన విషయమని పైకి తోచవచ్చును. పిల్లలను పెంచేవారికి, చదువు చెప్పేవారికి కూడా దీనితో పని ఉన్నది.

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే ఈ సిరొంచ ప్రాంతంలో నది ఒడ్డు కోసుకుపోవడం అందరూ చూసినదే. గట్టు కూలడానికి ఒక్క క్షణం చాలు. చూసినవారు, "నిన్నటి దాకా బాగానే ఉన్నది కదా!" అంటారు. కాని, అడుగున నీరు మట్టిని తినివేయడం ఎన్నో వానకాలాల క్రిందటే మొదలై ఉంటుంది. 2023 అక్టోబరు 21న సమీపంలోని మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కొన్ని కుంగినప్పుడు కూడా నిపుణుల పరిశీలన పునాది క్రింది ఇసుక వరకు వెళ్ళింది. మనిషి పతనాన్ని వ్రాసే రచయిత చేయవలసినది కూడా అదే. కూలిన క్షణాన్ని వర్ణించడం సులభం. అడుగున మట్టి ఎప్పుడు, ఎలా, ఎందుకు కదిలిందో చూపడం కష్టం. కథకు ప్రాణం అక్కడే ఉన్నది.

ఇందుకు తగిన ఉదాహరణ కోసం తెలుగువారు దూరం వెళ్ళనక్కరలేదు. పదమూడవ శతాబ్దంలో తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలను తెలుగు చేశాడు. వాటిలో సౌప్తికపర్వం ఒకటి. నిద్రించే శిబిరంపై అర్ధరాత్రి జరిగిన సంహారం అందులోని ఇతివృత్తం. ఆ పని చేసినవాడు ద్రోణుని కుమారుడైన అశ్వత్థామ. అతడు పుట్టుకతో క్రూరుడని అనుకునేవారు ఉన్నారు. భారత కథ అలా చెప్పలేదు.

మొదట అతని మంచితనాన్ని చూడాలి. ఉత్తర గోగ్రహణ సమయంలో కర్ణుడు తన పరాక్రమాన్ని పొగడుకొన్నప్పుడు, నిర్భయంగా అతనిని మందలించినవారిలో అశ్వత్థామ ఒకడు. పాచికలతో గెలిచిన రాజ్యాన్ని చూసుకొని గర్వించడమేమిటని కౌరవ పక్షంలో నిలబడే అడిగినవాడు అతడు. యుద్ధం పదిహేడవ నాడు, దుశ్శాసనుడు మరణించిన తరువాత, దుర్యోధనుని చేయి పట్టుకొని, ఇకనైనా పాండవులతో సంధి చేసుకొమ్మని వేడుకొన్నవాడు కూడా అతడే. శాంతిని కోరిన ఆ నోటితోనే మరునాటి రాత్రి అతడు ఊచకోతకు ప్రతిజ్ఞ చేశాడు. ఈ రెండు ఘట్టాల నడుమ ఉన్నది ఒక్క రోజే అయినా పాఠకుడు నమ్ముతాడు. ఎందుకంటే ఆ ఒక్క రోజు వెనుక ఒక జీవితమంతా ఉన్నది.

నమ్మదగిన పతనానికి మొదటి సూత్రం ఇందులోనే ఉన్నది. పతనానికి ముందున్న మంచితనం నిజమైనదై ఉండాలి. "నిజానికి అతడు మొదటి నుండి దొంగే" అని చివర బయటపెడితే అది ముసుగు తొలగించడమే అవుతుంది, పతనం కాదు. ఎత్తు లేని చోట పడిపోవడం ఉండదు.

రెండవ సూత్రం, బీటను ముందుగానే చూపడం. ఆ బీట తరచుగా ఏ గుణం వలన నాయకుడు ప్రియుడయ్యాడో ఆ గుణంలోనే ఉంటుంది. అశ్వత్థామ జీవితానికి ఇరుసు తండ్రీకొడుకుల ప్రేమ. పేదరికంలో పాలకు బదులు పిండి కలిపిన నీళ్ళు త్రాగి, పాలు త్రాగానని ఆ పసివాడు గంతులు వేయడం చూసి ద్రోణుని గుండె తరుక్కుపోయింది. ఆ ప్రేమే తరువాత పక్షపాతమైంది. శిష్యులందరికీ ఇరుకు మూతి పాత్రలిచ్చి నీళ్ళకు పంపి, కొడుకుకు వెడల్పు మూతి పాత్ర ఇచ్చి, అతడు ముందుగా తిరిగి వస్తే అదనంగా విద్య చెప్పాడు ఆ తండ్రి. అర్జునునికి బ్రహ్మశిరోస్త్రం ఇచ్చినప్పుడు కొడుకు తనకూ కావాలన్నాడు. అతని చాపల్యం తెలిసి కూడా, మనుషులపై ప్రయోగించవద్దని చెప్పి తండ్రి ఇచ్చాడు. అంతటితో ఆగక ఆ కొడుకు ద్వారకకు వెళ్ళి కృష్ణుని చక్రాన్నే అడిగాడు. ఎత్తబోయి కదిలించలేక సిగ్గుపడ్డాడు. ఇవన్నీ చిన్న సంగతులు. ఆ నాటికి ఎవరూ వీటిని నేరాలని అనలేదు. అడుగు మట్టి మాత్రం కదిలింది.

మూడవ సూత్రం, గాయం నిజమైనదై ఉండాలి. పదిహేనవ నాడు అశ్వత్థామ అనే ఏనుగును చంపి, కొడుకే మరణించాడని ద్రోణుడు నమ్మేట్లు చేశారు. ఎన్నడూ అబద్ధమాడని ధర్మరాజు నోటి నుండే ఆ మాట వచ్చింది. ద్రోణుడు ఆయుధం వదిలి కూర్చున్నప్పుడు ధృష్టద్యుమ్నుడు శిరస్సు ఖండించాడు. పద్ధెనిమిదవ నాడు దుర్యోధనుని తొడలు యుద్ధ నియమానికి విరుద్ధంగా విరిగాయి. అశ్వత్థామ కోపంలో న్యాయం ఉన్నది. అందువల్లనే అది ప్రమాదకరమైనది. కారణం లేని కోపం తొందరగా చల్లారుతుంది. న్యాయమైన కోపం తనకు హద్దు లేదని అనుకొంటుంది.

నాలుగవ సూత్రం అన్నింటికంటె ముఖ్యమైనది. ప్రతి మెట్టు దగ్గరా వెనుకకు తిరిగే తలుపు ఒకటి తెరచి ఉండాలి. నాయకుడు దానిని చూడాలి. చూసి కూడా దాటిపోవాలి.

ఆ రాత్రి మర్రిచెట్టు క్రింద కృపాచార్యుడు, కృతవర్మ నిద్రించారు. అశ్వత్థామకు నిద్ర రాలేదు. కొమ్మలపై నిద్రించే కాకులను ఒక గుడ్లగూబ వచ్చి చంపడం చూశాడు. తనకు దారి దొరికిందనుకొన్నాడు. గుడ్లగూబ అతనిని దుర్మార్గునిగా మార్చలేదు. అప్పటికే మనస్సులో ఉన్నదానికి ఒక రూపం ఇచ్చింది, అంతే. వెంటనే మేనమామను లేపి చెప్పాడు. కృపుడు కేకలు వేయలేదు, శపించలేదు. ఈ రాత్రి నిద్రపొమ్మన్నాడు. ధృతరాష్ట్రుని, గాంధారిని, విదురుని అడిగి చేద్దామన్నాడు. తెల్లవారిన తరువాత యుద్ధం చేద్దువు గాని, తామిద్దరమూ వెంట వస్తామన్నాడు. ఇంతవరకు నీపై మచ్చ లేదు, ఈ పని చేస్తే అది తెల్లని దానిపై నెత్తుటి మరకగా నిలుస్తుందన్నాడు. అశ్వత్థామ కాదనలేదు. మేనమామ మాట నిజమేనన్నాడు. కాని, ధర్మమనే కట్టను ముందుగా తెంచినవారు వారే కదా అన్నాడు. తన తప్పును తప్పు అని తెలిసి, ఎదుటివారి తప్పుతో దానిని కప్పుకొన్నాడు. పతనమయ్యే ప్రతి మనిషికీ ఇటువంటి వాక్యం ఒకటి ఉంటుంది. కథకుడు వెదకి పట్టుకోవలసినది ఆ వాక్యాన్నే.

శిబిర ద్వారం దగ్గర మరొక తలుపు తెరుచుకొన్నది. భయంకర రూపం ఒకటి అడ్డు నిలిచి అతని ఆయుధాలన్నింటినీ మింగివేసింది. అప్పుడతనికి మేనమామ మాట గుర్తుకు వచ్చింది. అక్కడ వెనుదిరిగినా కథ వేరుగా ఉండేది. అతడు శివుని ప్రార్థించి, తనను తానే అగ్నికి అర్పించుకోబోయి, ఖడ్గం పొంది లోపలికి వెళ్ళాడు. భక్తి కూడా ఆ చేతికి ఆయుధమైంది. ఆయుధంతో చంపుమని ధృష్టద్యుమ్నుడు కోరినా వినక, కాళ్ళతో త్రొక్కి చంపాడు. ద్రౌపది కుమారులైదుగురినీ చంపాడు. వారు అతని తండ్రిని చంపినవారు కారు. ప్రతీకారం ఎక్కడ ముగిసి క్రౌర్యం ఎక్కడ మొదలైందో పాఠకునికి ఎవరూ చెప్పనవసరం లేదు.

ఇక్కడ గమనింపదగిన సంగతి మరొకటి ఉన్నది. అంత మంచిమాట చెప్పిన కృపుడు ఆ రాత్రి ఎక్కడ ఉన్నాడు? కృతవర్మతో కలిసి శిబిర ద్వారం దగ్గర నిలబడి, పారిపోయి వస్తున్నవారిని చంపుతున్నాడు. హితవు చెప్పి, వినకపోతే వెంట వెళ్ళేవారు కూడా పతనంలో భాగస్వాములే. మంచి కథ ఒక్కని పతనాన్ని ఒక్కనికే పరిమితం చేయదు.

అన్య దేశాల సాహిత్యంలోనూ ఈ క్రమమే కనిపిస్తుంది. షేక్‌స్పియర్ నాటకంలో మాక్బెత్ దేశాన్ని కాపాడిన సేనానిగా ప్రవేశిస్తాడు. రాజును చంపడానికి ముందు ఎంతో తడబడతాడు. స్నేహితుడైన బాంకోను చంపించేటప్పుడు అంత తడబాటు లేదు. మాక్డఫ్ భార్యాబిడ్డలను చంపించేటప్పుడు ఆలోచనే లేదు. నేరం పెరుగుతున్నకొద్దీ సంకోచం తరిగిపోవడాన్ని చూపడమే ఆ నాటకంలోని నేర్పు. తెలుగులో గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావు ప్రతినాయకుడు కాడు. అయినా వంశప్రతిష్ఠ మీది మమకారం ఒక మనిషిని మెట్టుమెట్టుగా ఎంత దూరం దిగజార్చగలదో తెలుసుకోగోరేవారికి ఆ నవల మంచి పాఠం.

పాండవులు వెంటాడి పట్టుకోబోయినప్పుడు అశ్వత్థామ గడ్డిపరకపై బ్రహ్మశిరోస్త్రాన్ని మంత్రించి వదిలాడు. అర్జునుడు కూడా వదిలాడు. వ్యాస నారదులు నడుమ నిలిచి ఉపసంహరించమన్నారు. అర్జునుడు వెనుకకు తీసుకొన్నాడు. అశ్వత్థామకు అది సాధ్యం కాలేదు. ఒకే గురువు దగ్గర, ఒకే అస్త్రాన్ని నేర్చిన ఇద్దరిలో ఒకనికి వదలడమూ వెనుకకు తీయడమూ తెలుసు. రెండవవానికి వదలడమే తెలుసు. నాయకునికీ ప్రతినాయకునికీ ఉన్న భేదాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన ఘట్టం మరొకటి దొరకడం కష్టం. గర్భంలోని శిశువుపైకి కూడా ఆ అస్త్రం వెళ్ళింది. చివరకు నుదుటి మణిని ఇచ్చి, శాపగ్రస్తుడై అడవుల పాలయ్యాడు.

పతనాన్ని అర్థం చేసుకోవడమంటే దానిని సమర్థించడమా అన్న సందేహం తల్లిదండ్రులకు రావడం సహజం. దీనికి సమాధానం గోదావరికి ఆవలి గట్టున, ఓరుగల్లు సీమలోని బమ్మెరకు చెందిన పోతన భాగవతంలో ఉన్నది. అందులో అర్జునుడు అశ్వత్థామను బంధించి ద్రౌపది ముందుకు తెస్తాడు. ఐదుగురు కొడుకులను పోగొట్టుకొన్న ఆ తల్లి, అతనిని విడిచిపెట్టమంటుంది. తనవలె అతని తల్లి కృపి ఏడవకూడదంటుంది. అతడు చేసినది ఘోరమని ఆమె దాచలేదు. ముఖం మీదనే అడిగింది. అడిగిన తరువాత కూడా అతడు ఒక తల్లి కొడుకన్న సంగతిని మరువలేదు. నేరాన్ని నేరమని చెప్పి, మనిషిని మనిషిగా చూసిన ఆ చూపే రచయితకు కావలసినది.

ఉపాధ్యాయులు తరగతిలో కథారచన చెప్పేటప్పుడు "అతడు చెడ్డవాడైపోయాడు" అన్న వాక్యాన్ని కొట్టివేయించి, దాని స్థానంలో మూడు ప్రశ్నలకు జవాబులు వ్రాయించవచ్చును. అతనికి కావలసినది ఏమిటి? అతనిని ఆపబోయినవారు ఎవరు? వారికి అతడు చెప్పిన సమాధానం ఏమిటి? ఈ మూడింటికీ జవాబులు వ్రాసిన విద్యార్థి కథను నమ్మించగలడు. అంతకంటె మేలైన సంగతి, మరొక మనిషిని తొందరపడి తూచడు.

"వాడు చెడిపోయాడు" అన్నది ఊళ్ళలో తేలికగా వినిపించే మాట. మిరప కోతల కాలంలో తల్లిదండ్రులు తెలంగాణ వైపు పనులకు వెళితే, ఇంట్లో మిగిలిన పిల్లవాడు మొదట ఒక పూట బడి మానుతాడు. దానిని దాచడానికి ఒక అబద్ధం చెబుతాడు. అబద్ధం నిలబెట్టడానికి ఒక తోడును వెదుకుతాడు. సంవత్సరం తిరిగేసరికి హాజరు పట్టీలో అతని పేరు మీద గీత పడుతుంది. అప్పుడు అందరూ ఆ మాట అంటారు. ఆ మాట అన్నవెంటనే ఆ కథ ముగిసిపోతుంది. మొదటి పూట అతడు రానప్పుడు ఇంటికి వెళ్ళి అడిగినవారు ఎవరైనా ఉన్నారా అన్నది అసలు ప్రశ్న. మెట్లను చూడడం అలవాటైన కన్ను మొదటి మెట్టు దగ్గరే చేయి పట్టుకొంటుంది.

వంతెన దాటితే కాళేశ్వరం. అక్కడి గర్భాలయంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలు ఉన్నాయి. ఒకటి కాలుని పేర, ఒకటి ముక్తీశ్వరుని పేర. ఈ ప్రాంతపు పిల్లలందరూ వాటిని చూసినవారే. ఒక్క మనిషిలో పతనమూ, విడుదలా ప్రక్కప్రక్కనే ఉంటాయని తెలిసినవారు వ్రాసే కథలు నమ్మదగినవిగా ఉంటాయి. డెబ్బై ఐదు సంవత్సరాలుగా అక్షరాలు నేర్పిన ఈ పాఠశాల నుండి అటువంటి కథకులు, అటువంటి తల్లిదండ్రులు, అటువంటి ఉపాధ్యాయులు ఇంకా ఎందరో రావాలని ఆకాంక్ష.

శుభం భూయాత్.